మూడో సాక్షి

మూడో రోజు కూడా శ్రుతనంది ముని ఖాళీ చేతులతోనే గుట్ట ఎక్కి వచ్చారు.

జైనుల గుడి అయిన బసది మెట్ల మీద నిలబడ్డ నేమయ్య ఆయన కుడిచేతి వంకే చూశాడు. భిక్షకు బయల్దేరేటప్పుడు ముని ఐదు వేళ్ళూ కలిపి ఆ చేతిని భుజానికి ఆనించుకుంటారు. భిక్ష దొరికితే రెండు చేతులూ దోసిలి పడతారు, ఆ దోసిలే ఆయనకు కంచం. దొరకకపోతే చేయి దించుకుని వెనక్కి తిరుగుతారు. ఇప్పుడు చేయి కిందికే ఉంది. పెదవులు ఎండి పొరలు కట్టాయి. జైనముని రోజుకు ఒక్కసారే తింటారు, నీళ్ళు కూడా అప్పుడే తాగుతారు. ఆ పూట తప్పిందంటే మర్నాటి దాకా చుక్క నీరు ముట్టరు. అలా మూడు రోజులైంది. ఆయనకు డెబ్బై దాటాయి.

నేమయ్యకు గుండె చెరువైంది. అంతకు మించి ఉక్రోషం కూడా వచ్చింది. ఎందుకంటే, ఈ చిక్కు ముడి విప్పాల్సింది తనే.

తెలుగు నేల మీద గుట్టగుట్టకూ ఒక బసది ఉన్న రోజుల మాట ఇది. మునులు భిక్షకు బయల్దేరే ముందు మనసులో ఒక నియమం పెట్టుకునేవారు. ఫలానా గుర్తు కనబడ్డ ఇంటనే తింటాను అని. గుర్తేమిటో పైకి చెప్పరు. పాపం, గృహస్థులు తోచిన గుర్తల్లా పట్టుకుని వాకిట్లో నిలబడతారు. ఒకరి చేతిలో కొబ్బరికాయ, ఒకరి చంకలో నిండు బిందె. "ఆగండి స్వామీ, ఆగండి! మా నీరు వడగట్టిన నీరు, మా అన్నం శుద్ధమైన అన్నం" అని పిలుస్తారు. గుర్తు కలిస్తే ముని ఆగుతారు. లేకపోతే తల వంచుకుని సాగిపోతారు.

ఎర్రగుట్ట బసదిలో దీనికి తోడు ఇంకో ఆచారం ఉంది. నియమానికి సాక్షి ఉండాలి. పైన గురువు ఉంటే ఆయన చెవిన వేస్తారు. శ్రుతనందికి పైన గురువులెవరూ మిగల్లేదు. అందుకని ఆయన తన నియమాన్ని ముక్కలు చేసి, సాక్షులకు తలా ఒక ముక్క చెప్పేవారు. మొత్తం ఏ ఒక్కరికీ తెలియదు. సాక్షికి ఒకటే కట్టుబాటు. అడిగినవాళ్ళకు చెప్పవచ్చు, అడగకుండా చెప్పకూడదు. నియమం తీరే దాకా ముని మౌనంలో ఉంటారు.

వానాకాలం నాలుగు నెలలూ మునులు ఊరు కదలరు. ఆ నాలుగు నెలలూ బసదిలో గణితం బడి నడిచేది. అడిగినవాళ్ళందరికీ చదువే. సెట్టి కొడుకులూ వచ్చేవాళ్ళు, రాళ్ళు చెక్కే కాసెవాళ్ళూ వచ్చేవాళ్ళు, సాలెవీధి చివర మగ్గం నేసుకునే మాచవ్వా వచ్చేది. నేమయ్య ఆ బడిలో అందరికన్నా దిట్ట. ఎనిమిదేళ్ళప్పుడు జ్వరంతో కాలిపోతూ బసది మెట్ల మీద పడి ఉంటే, మునే లేవదీయించి, కోలుకున్నాక ఇసకలో అంకెలు దిద్దించారు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. వచ్చే వానాకాలం నుంచి బడి నీదేనని గురువు అన్నారు కూడా. ఆ మాట విన్న నాటి నుంచి నేమయ్య కాళ్ళు నేల మీద ఆనడం కొంచెం తగ్గింది.

పదకొండు రోజుల కిందట అతను బడిలో సమీకరణం చెప్పాడు. చెప్పడానికి ధూళి పలక వాడతారు, చెక్క మీద సన్నని ఇసక పరిచి వేలితో రాయడం. తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టడం అక్కడి పద్ధతి. ఒకటి నలుపు, ఇంకొకటి పసుపు.

"తెలియని రాశులు రెండు ఉంటే వాక్యాలు రెండు కావాలి" అన్నాడు నేమయ్య. "ఒక వాక్యంతో తేలదు. రెండు దొరికాయా, ఇక లెక్క చేతిలో ఉన్నట్టే. రెండింటిలోనూ నలుపును సమానం చెయ్యండి, ఒకదాన్లోంచి ఇంకొకటి తీసెయ్యండి. నలుపు పోతుంది, పసుపు ఒక్కటే మిగులుతుంది. దాన్ని పట్టుకుంటే నలుపు కూడా దొరుకుతుంది."

వెనక వరసలోంచి మాచవ్వ అడిగింది. ఆమెకు యాభై ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న చాప మీద స్తంభం పక్కన కూర్చునేది.

"అయ్యా, ఆ రెండు వాక్యాలూ ఒకే మాటయితేనో?"

"ఒకే మాట ఎలా అవుతుందవ్వా? రెండు అంటున్నాను కదా."

"పైకి రెండే. లోపల సంగతి ఒకటే అయితే? మగ్గం మీద పడుగు దారాలు వెయ్యి ఉంటాయి. అన్నీ నిలువుగానే పోతాయి. ఎన్ని పోగులు పెంచినా బట్ట అవదు. అడ్డంగా పేక పడాలి."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నేమయ్యకు కొబ్బరినీళ్ళంత తియ్యగా తగిలింది.

"ఇది మగ్గం కాదవ్వా, గణితం. బట్ట సంగతి మీరు చూసుకోండి. లెక్క సంగతి నేను చూసుకుంటాను."

ఈసారి బడి అంతా నవ్వింది. మాచవ్వ కూడా మర్యాదకు నవ్వినట్టు నవ్వింది. కాసేపటికి నీళ్ళ మిషతో లేచింది, మళ్ళీ రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. ఎవరో చుట్టి స్తంభం వెనకాల పెట్టిన ఆమె చాప మాత్రం అలాగే ఉండిపోయింది. గుమ్మం దగ్గర కూర్చున్న ముని అంతా విన్నారు.

ఆ తరువాత తొమ్మిదో నాడు ఆయన ఈ నియమం పట్టారు. ఆ ఉదయం ముందుగా నేమయ్యను లోపలికి పిలిచారు. "నువ్వు సాక్షివి. వాకిట పళ్ళెంలో వక్కలూ పసుపుకొమ్ములూ ఉండాలి. వక్కలు నలుపు, కొమ్ములు పసుపు. నలుపును రెండింతలు చేసి పసుపు కలిపితే నూరు" అన్నారు. తరువాత గుట్ట కింద పెద్ద ఇంటి బొమ్మిసెట్టిని పిలిచారు. ఆఖరున మాచవ్వను పిలిచారు. బసదిలో నీళ్ళు వడగట్టే గుడ్డ చిరిగిపోతే కొత్తది నేసుకుని ఆమె ఆ పూటే వచ్చింది. గుడ్డ సంగతి మాట్లాడ్డానికే పిలిచారనుకున్నాడు నేమయ్య. అనుకోవడం కూడా కాదు, ఇంకో రకంగా అనుకోవాలని అతనికి తోచనే లేదు.

మొదటి రోజు గృహస్థులు తమకు తోచిన గుర్తులు పెట్టారు. ముని ఆగలేదు. రెండో రోజు నేమయ్య రంగంలోకి దిగాడు. తన దగ్గరున్న వాక్యం ఎవరికీ చెప్పలేదు, ఒంటి చేత్తో తేల్చాలని పట్టుదల. వక్క ఒకటైతే కొమ్ములు తొంభై ఎనిమిది. వక్కలు రెండైతే కొమ్ములు తొంభై ఆరు. భిక్షకు నిలబడే ఇళ్ళు ఐదు. ఐదింటికీ పరుగెత్తి ఒక్కో ఇంట ఒక్కో పళ్ళెం పెట్టించాడు.

"ఏమయ్యా నేమయ్యా, స్వామికి అన్నం పెడుతున్నామా, పసుపు నలుగు పెడుతున్నామా?" అంది బొమ్మిసెట్టి భార్య. ఏడాదికని దాచుకున్న కొమ్ములన్నీ పళ్ళెంలోకి వచ్చేశాయి మరి. మూడో రోజు ఇంకో ఐదు పళ్ళేలు. ముని పది పళ్ళేల ముందూ కళ్ళు ఎత్తి చూశారు, చేయి దించారు, వచ్చేశారు.

నేమయ్య మెట్ల మీద కూలబడి వేళ్ళు మడిచాడు. అన్నీ కలిపి నలభై తొమ్మిది జతలు. పది అయ్యాయి. ఇంకా ముప్పై తొమ్మిది. రోజుకు ఐదు ఇళ్ళు. ఎనిమిది రోజులు.

ఎనిమిది రోజులు ఆయన ఉండరు. అది లెక్క వేయకుండానే తెలిసిపోయింది.

అప్పటికి గానీ అతనికి తన పాఠం గుర్తు రాలేదు. ఒక వాక్యంతో తేలదు, రెండోది కావాలి. లేచి బొమ్మిసెట్టి ఇంటికి పరుగెత్తాడు.

సెట్టి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు, ముఖం పీక్కుపోయి. "మూడు రోజులుగా ఒకటే గుంజాటన. నా ముక్కతో ఏం చేయాలో నాకు తెలీదు, అడిగే నాథుడు లేడు" అన్నాడు. "విను మరి. నలుపును ఆరింతలు చేస్తే మూడు వందలకు ఎంత తక్కువ పడుతుందో, అది పసుపుకు మూడింతలు. అంతే. ఏమైనా అర్థమైందా?"

"అయింది. రేపు స్వామి మీ ఇంటే తింటారు, చూడండి."

గుట్ట ఎక్కుతూ నేమయ్య నవ్వుకున్నాడు. ఆరు, మూడు, మూడు వందలు. అన్నీ కొత్త అంకెలే. పలక ముందు కూర్చుని ఇసక చదును చేశాడు. సెట్టి మాటను సరిచేసి రాస్తే ఆరు నలుపులు, మూడు పసుపులు, మొత్తం మూడు వందలు. కింద తన మాట రాశాడు. రెండు నలుపులు, ఒక పసుపు, నూరు. నలుపును సమానం చేయాలి కదా, తన వాక్యాన్ని మూడింతలు చేశాడు. ఆరు నలుపులు. మూడు పసుపులు. మూడు వందలు.

ఒకదాన్లోంచి ఇంకొకటి తీసేశాడు. నలుపు పోయింది. పసుపూ పోయింది. మూడు వందలూ పోయాయి. ఇటు సున్న, అటు సున్న.

తప్పు చేశాననుకుని చెరిపి మళ్ళీ వేశాడు. మళ్ళీ సున్నకు సున్నే. పసుపును సమానం చేసి చూశాడు, అదే సున్న. ఆ సాయంత్రం అతను ఆ ఇసకను ఎన్నిసార్లు చదును చేశాడో లెక్కలేదు.

నాలుగో రోజు మళ్ళీ తోచిన ఐదు పళ్ళేలు పెట్టించాడు, ఈసారి నమ్మకం లేకుండా. ముని తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర తూలారు. నేమయ్య పట్టుకోబోతే చేత్తోనే వారించి, రాతి గోడ పట్టుకుని కాసేపు నిలబడి, తనంతట తనే పైకి వచ్చారు. అది చూసి నేమయ్యకు దుఃఖం ఆగలేదు. పలక తెచ్చి ఆయన ముందు పెట్టి కూలబడ్డాడు.

"స్వామీ, మీ నియమానికి జవాబు లేదు. చూడండి. మీరు చెప్పిన రెండు వాక్యాలూ పెట్టాను, పద్ధతి ప్రకారం చేశాను. ఏమీ మిగల్లేదు. ఎక్కడో మీరే పొరపడ్డారు. ఈ నియమం వదిలెయ్యండి స్వామీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ముని పలక వంక చూశారు. ఇసకలో రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆయన దారి ఊడ్చుకునే తన నెమలిపింఛం తీసుకుని, చీమల్ని పక్కకు తోసేంత మెల్లగా, పై వాక్యాన్ని తుడిచేశారు. నేమయ్యది ఒక్కటే మిగిలింది.

తరువాత గోడ ఆసరాతో లేచారు. స్తంభం వెనకాలికి వెళ్ళి, పన్నెండు రోజులుగా చుట్టి ఉన్న ఆ చిన్న చాపను బయటికి తీశారు. దాని మీది దుమ్ము పింఛంతో దులిపారు. వెనక వరసలో అది ఎప్పుడూ ఉండే చోటే పరిచి, అంచులు సరిచేసి, ఇక తన పని అయిపోయినట్టు వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

నేమయ్యకు ఏమీ అర్థం కాలేదు. సెట్టి చెప్పింది తప్పా? బడి మానేసిన వాళ్ళను పిలవమంటున్నారా? ఇలాంటి సమయంలో బడి ఏమిటి? గురువుకు నీరసంతో మతి చలించిందేమోనని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే చెంపలేసుకున్నాడు.

ఐదో రోజు ఉదయం వాన వెలిసింది. ఏది ఎలా ఉన్నా బసదికి నీళ్ళు వడగట్టే పని నేమయ్యదే. నీళ్ళలోని సన్నని పురుగులు చావకూడదని గుడ్డలోంచి పోసి, ఆ గుడ్డను మళ్ళీ బావిలోనే ఝాడిస్తారు. బిందె మూతికి మాచవ్వ నేసి తెచ్చిన కొత్త గుడ్డ కట్టాడు. నీళ్ళు పోస్తూ అలవాటుగా చూస్తున్నాడు. తడిసిన గుడ్డ మీద ఎండ పడి పోగు పోగూ కనబడుతోంది. నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస. రెండూ కలిసే ప్రతి చోటా ఒక చుక్క.

అతని చేతిలో చేద ఆగిపోయింది.

*పైకి రెండే. లోపల సంగతి ఒకటే అయితే?*

సెట్టి మాట తన మాటే. మూడింతలు చేసి, అటుదిటు తిప్పి చెప్పిన తన మాటే. వెయ్యి మంది సెట్లు వచ్చి వెయ్యి రకాలుగా చెప్పినా అవన్నీ నిలువు పోగులే. ఈ సంగతి పదమూడు రోజుల కిందటే బడిలో ఒక మనిషి అడిగింది. తను నవ్వించి పంపాడు.

ఆ మనిషి నియమం పట్టిన ఉదయం లోపలికి వెళ్ళింది. మూడోది. గుడ్డ సంగతికి కాదు.

తల తిప్పి చూస్తే ముని అప్పటికే మెట్లు దిగుతున్నారు, కుడిచేయి భుజానికి ఆనించుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ. నేమయ్య చేద అక్కడే వదిలి గుట్ట వెనక కాలిబాట పట్టుకుని పరుగు తీశాడు.

సాలెవీధి చివర మాచవ్వది ఒంటిగది ఇల్లు, గదిలో సగం మగ్గమే. ఆమె మగ్గం ముందు లేదు. గుమ్మంలో కూర్చుని ఉంది. నేమయ్యను చూసి చటుక్కున లేచింది, కానీ నోరు తెరవలేదు. పెదాలు బిగబట్టుకుని నిలబడింది.

నేమయ్యకు ఆయాసం. చేతులు జోడించాడు.

"అమ్మా, స్వామి మీకేం చెప్పారు?"

ఆ ప్రశ్న వినగానే మాచవ్వ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

"ఇప్పటికి అడిగారా అయ్యా! నలుపు కన్నా పసుపు పది ఎక్కువ. నలుపు కన్నా పసుపు పది ఎక్కువ." రెండుసార్లు చెప్పింది, ఎక్కడ వినబడకుండా పోతుందోనని. "ఐదు రోజులుగా ఈ గడప దాటలేదు. స్వామి రోజూ ఆ మలుపు దాకా వచ్చి చేయి దించుకుని పోతుంటే, ఇక్కడ నాకు ప్రాణం పోయినంత పనవుతోంది. అడగందే చెప్పకూడదన్నారు. నన్నెవరు అడుగుతారు?"

"నేనడగాలమ్మా. నేనే అడగాలి. తప్పయింది." అతను చుట్టూ చూశాడు. పలక లేదు, ఇసక లేదు. "నా దగ్గరున్నది, నలుపు రెండింతలూ పసుపూ కలిపితే నూరు. ఉండండి, ముందు పసుపును సమానం చేసి..."

"సమానం ఎందుకయ్యా? పసుపంటే ఏమిటో తెలిసిపోయింది కదా" అంది మాచవ్వ. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "పసుపంటే ఒక నలుపూ, పైన పదీ. మీ మాటలో పసుపును తీసేసి ఆ చోట దీన్ని పెట్టండి. ఏముంది అక్కడ? మూడు నలుపులు, పైన పది. అంతా నూరు. పది పక్కన పెడితే తొంభై. మూడో వంతు ముప్పై. వక్కలు ముప్పై, కొమ్ములు నలభై."

నేమయ్య వేళ్ళ మీద సరిచూశాడు. ముప్పై రెండింతలు అరవై. నలభై కలిపితే నూరు. సరిపోయింది. కళ్ళ ముందు మనిషి తన కన్నా ముందు లెక్క తేలిస్తే ఇంత సంతోషం వేస్తుందని అతనికి అంతవరకూ తెలియదు.

"అమ్మా, స్వామి వీధిలోకి వచ్చేశారు. ఎవరింట పెట్టించను?"

"ఎవరింటో ఎందుకు? మనిల్లు లేదూ? నేనూ వడగట్టిన నీళ్ళే తాగుతాను." ఆమె అప్పటికే లోపలికి వెళ్ళింది. నూలుకు రంగు వేసే పసుపు తట్ట కింద పెట్టి చకచకా ఏరింది. కొమ్ములు నలభై ఉన్నాయి. వక్కల డబ్బా బోర్లిస్తే ఇరవై ఆరే పడ్డాయి. నేమయ్య పక్కింటికి పరుగెత్తి, మర్యాద కూడా మరిచి అడిగి నాలుగు వక్కలు పట్టుకొచ్చాడు. పళ్ళెం వాకిట్లో పెట్టారు. పొయ్యి మీద గంజి అన్నం ఉంది, కాచి చల్లార్చిన నీళ్ళు ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

ముని మొదటి ఇల్లు దాటారు. రెండోది దాటారు. సెట్టి ఇంటి ముందు ఆగి, నిన్నటి పళ్ళెమే ఉండటం చూసి, కదిలారు. ఐదో ఇంటి దగ్గర చాలాసేపు నిలబడ్డారు, చూడటానికి కాదు, కాళ్ళు కదలక. తరువాత భుజం మీది చేయి మెల్లగా దిగడం మొదలైంది.

"ఆగండి స్వామీ!"

మాచవ్వ జన్మలో అంత గట్టిగా అరిచి ఉండదు. వీధి వీధంతా ఇటు తిరిగింది. "ఆగండి, ఆగండి! మా నీరు వడగట్టిన నీరు. మా అన్నం శుద్ధమైన అన్నం!"

దిగుతున్న చేయి ఆగింది. మళ్ళీ భుజానికి చేరింది. ఐదో ఇంటి నుంచి ఆ గుమ్మానికి ఇరవై అడుగులు.

ముని పళ్ళెం ముందు నిలబడి చూశారు. పెదవులు కదలకుండానే లెక్కపెట్టారు. ఆ తరువాత రెండు చేతులూ ముందుకు చాచి దోసిలి పట్టారు.

మాచవ్వ ఆ దోసిలిలో గంజి పోసింది.

ఆ మధ్యాహ్నం మౌనం తీరింది. నేమయ్య వెళ్ళి గురువు దగ్గర కూర్చున్నాడు.

"స్వామీ, సెట్టిగారికి నా మాటే తిప్పి చెప్పారు. ఎందుకు?"

"నువ్వు ముందు ఎవరి దగ్గరికి వెళతావో నాకు తెలుసు" అన్నారు ముని.



మర్నాడు బడికి మాచవ్వ వచ్చింది. తన చాప పరిచి ఉండటం చూసి ఒక క్షణం నిలబడి, కూర్చుంది. నేమయ్య పలక పట్టుకుని ముందు వరస దాటి, నడుమ వరస దాటి, ఆ చాప పక్కన నేల మీద కూర్చున్నాడు. పిల్లలందరూ మెడలు తిప్పుకోవలసి వచ్చింది.

"ఆ రోజు మీరొక ప్రశ్న అడిగారు, నేను జవాబు చెప్పలేదు" అన్నాడు. "మళ్ళీ అడగండమ్మా. అందరూ వినాలి."

ఆమె అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. జవాబు చెప్పడానికి ఆ పూటంతా పట్టింది, అందులో సగం ఆమే చెప్పింది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం నేమయ్య బావి దగ్గర నీళ్ళు వడగడుతున్నాడు. ముని పక్కన రాతి మీద కూర్చుని చూస్తున్నారు. ఎన్నాళ్ళుగానో అతను అడగాలనుకుంటున్న మాట ఒకటుంది. గుడ్డను నీళ్ళలో ఝాడిస్తూ, ఆయన ముఖం చూడకుండా అడిగాడు.

"స్వామీ, ఐదో రోజు కూడా నేను ఆమె దగ్గరికి వెళ్ళకపోయి ఉంటే?"

ముని తడిగుడ్డ అంచు అందుకుని, పోగులు సర్ది, బిందె మూతి మీద పరిచారు.

"ఆరో రోజు ఉంది కదా, నాయనా" అన్నారు.